చైనా నగరాల్లో ప్రొటెస్టెంట్ చర్చిలు: అపోహలు - వాస్తవాలు

చైనా సమాజం గురించి పాఠాలు చెప్పడం నా పని. చర్చిల విషయం వచ్చినప్పుడల్లా క్లాసులో ఈ మాటలే వింటుంటాను.

అపోహ: చైనాలో చర్చి అంటే రహస్యంగా నడిచేదే.

వాస్తవం: ప్రొటెస్టెంట్లు 3.8 కోట్లకు పైగా ఉన్నారని 2018లో ప్రభుత్వమే శ్వేతపత్రంలో రాసింది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న 'త్రీ-సెల్ఫ్' చర్చిల్లో ఆరాధన బహిరంగంగానే జరుగుతుంది. బీజింగ్‌లోని చోంగ్‌వెన్‌మెన్ చర్చి అలాంటిదే.

అపోహ: రిజిస్టర్ కాని గృహ సంఘాలు (ఇళ్లలో మొదలైన చర్చిలు) చట్టానికి దొరక్కుండా దాక్కుంటాయి.

వాస్తవం: బీజింగ్ షౌవాంగ్ సంఘం కథ తెలిస్తే ఈ మాట అనలేం. 1993లో ఒక ఇంట్లో చిన్న గుంపుగా మొదలైంది. 2005లో కొత్త మత నిబంధనలు వచ్చాక తనంతట తానే రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టుకుంది. పాస్టర్లకు త్రీ-సెల్ఫ్ గుర్తింపు లేదని అధికారులు కాదన్నారు. అద్దె హాళ్ల నుంచి మాటిమాటికీ ఖాళీ చేయిస్తుంటే, 2009లో బీజింగ్‌లోనే ఉన్న జోంగ్‌గ్వాన్‌సున్ ప్రాంతంలోని ఒక ఆఫీసు భవనంలో అంతస్తు కొనుక్కున్నారు. సభ్యుల కానుకలతో 2.7 కోట్ల యువాన్లు కట్టారు. అధికారుల ఒత్తిడి వల్ల తాళాలు మాత్రం చేతికి రాలేదు. ఆ నవంబర్ 1న మంచు కురుస్తుండగా ఆరుబయట ఆరాధన చేశారు. 2011లో మళ్లీ ఆరుబయట ఆరాధనకు వస్తే వారం వారం పోలీసులు పట్టుకెళ్లారు. 2019లో నిషేధించారు.

పౌర సమాజం అంటే నాకు గుర్తొచ్చేది ఇదే. ప్రొఫెసర్లు, డాక్టర్లు, కంప్యూటర్ ఉద్యోగులు కలిసి మాట్లాడుకుని, డబ్బు పోగేసి, తీర్మానానికి కట్టుబడి నిలబడటం. తెలుగులో చర్చిని 'సంఘం' అనడం ఇక్కడ ఎంత సరిగ్గా అతుకుతుందో!

అపోహ: ప్రభుత్వం మాట వింటే ఏ ఇబ్బందీ ఉండదు, రాజకీయాలు మాట్లాడేవాళ్లకే టెన్షన్.

వాస్తవం: చెంగ్దూలో ఎర్లీ రెయిన్ సంఘం పాస్టర్ వాంగ్ యీ నిర్మొహమాటంగా మాట్లాడేవారు, రాజకీయ ఖైదీల కుటుంబాలను ఆదుకునేవారు. 2019 డిసెంబరులో ఆయనకు 9 ఏళ్ల జైలు శిక్ష పడింది. కానీ వెన్‌జౌలో 2014 ఏప్రిల్‌లో కూల్చేసిన సాన్‌జియాంగ్ చర్చి త్రీ-సెల్ఫ్ చర్చే. ఆ జెజియాంగ్ రాష్ట్రంలో వెయ్యికి పైగా చర్చిల మీద సిలువలు తీయించారు.

అపోహ: హాలుకు తాళం వేస్తే సంఘం పోయినట్టే.

వాస్తవం: సీసీ కెమెరాలు పెట్టనివ్వనందుకు ఒత్తిడి పెరిగి, 2018 సెప్టెంబరులో బీజింగ్ జయన్ (సీయోను) సంఘాన్ని మూసేశారు. సభ్యులు ఆన్‌లైన్‌లోకి, చిన్న చిన్న గుంపుల్లోకి మారి, వేరే నగరాలకూ విస్తరించారు. పాస్టర్ జిన్ మింగ్‌రీని 2025 అక్టోబరులో పట్టుకున్నది బీజింగ్‌లో కాదు, దక్షిణాన బేహాయ్‌లో.