రచయిత యూనికోడ్‌లో, ప్రెస్సు అనూలో: చిక్కు ఎక్కడ పడింది?

డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, అది అవగానే జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం. వాటికి రెండు నెలల ముందే డీటీపీ సెంటర్లలో టెన్షన్ మొదలవుతుంది. దాంతోపాటే పాత తగువూ మళ్లీ రాజుకుంటుంది. రచయిత యూనికోడ్‌లో (ఫోన్లూ ఇంటర్నెట్టూ వాడే అక్షరాల ప్రమాణం) టైపు చేసి, ఒకటికి నాలుగుసార్లు దిద్దుకుని పంపిన ఫైలు అను ఫాంటులోకి (డీటీపీ సెంటర్లు వాడే పాత పద్ధతి తెలుగు ఫాంటు) మారి ప్రూఫుగా తిరిగొస్తుంది. చూస్తే పేజీ పేజీకీ తప్పులు. "నేను పంపింది సరిగ్గానే ఉంది, చెడగొట్టింది మీరే" అంటారు రచయిత. "యూనికోడ్ మా పేజీలో నిలబడదు, మమ్మల్నేం చేయమంటారు?" అంటారు ఆపరేటర్. రెండో ప్రూఫు ఎవరు చూడాలి, ఆ పనికి డబ్బు ఎవరివ్వాలి అన్న దగ్గరికి వచ్చేసరికి మాటలు పెరుగుతాయి.

సీసపు అక్షరాల నుంచి లేజర్ ప్రింటర్ దాకా నడిచిన కథ చాలామందికి తెలిసిందే. ఈ తగువు అర్థం కావాలంటే చూడాల్సింది 2001వ సంవత్సరాన్ని.

ఆ ఏడాది మైక్రోసాఫ్ట్ విండోస్ ఎక్స్‌పీని తెచ్చింది. అందులో తెలుగు యూనికోడ్‌ను సరిగ్గా చూపించే ఏర్పాటు ఉంది, గౌతమి ఫాంటు ఉంది. అదీ ఊరికే రాలేదు. కంట్రోల్ ప్యానెల్‌లో రీజినల్ సెట్టింగుల్లోకి వెళ్లి ఒక టిక్కు పెట్టి, విండోస్ సీడీ అడిగితే పెట్టాలి. ఆ పని చేసినవాళ్లకు మాత్రం తెలుగు తెలుగులా కనిపించింది. సరిగ్గా అదే ఏడాది అడోబీ కంపెనీ, డీటీపీ సెంటర్లు తెలుగు పుస్తకాల పేజీలు కట్టడానికి వాడే పేజ్‌మేకర్‌లో 7.0 వెర్షన్‌ను విడుదల చేసింది. దానికి యూనికోడ్ తెలియదు. తెలుగు యూనికోడ్ పేరాను కాపీ చేసి అందులో పేస్ట్ చేస్తే వచ్చేది ప్రశ్నార్థకాల వరస. తర్వాతి వెర్షన్‌లో బాగుపడుతుందేమో అనుకుందామంటే తర్వాతి వెర్షనే లేదు. 2004లో అడోబీ పేజ్‌మేకర్ అభివృద్ధిని ఆపేసి, అందరినీ తన మరో పేజీ సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌కు మారమంది. అంటే తెలుగు రాయడానికి కొత్త దారి తెరుచుకున్న ఏడాదే, తెలుగు పుస్తకాలు తయారయ్యే సాఫ్ట్‌వేర్ ఎదుగుదల ఆగిపోయింది. ఇవాళ్టి తప్పుల ప్రూఫులన్నిటికీ మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

ఎందుకో తెలియాలంటే 'రాష్ట్రం' అన్న ఒక్క మాట చాలు. యూనికోడ్‌లో దాన్ని ర, ఆకారం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్నా అని పలికే వరసలో దాచుకుంటారు. మొత్తం 8 గుర్తులు. ష కింద ట వత్తు ఎంత దిగాలి, ర వత్తు ఏ పక్కన ఎంత చోటులో ఇమడాలి అన్నది ఫాంటులోని సూచనలను చదివి, అక్షరాలకు రూపం కట్టే షేపింగ్ ఇంజిన్ తేలుస్తుంది. పేజ్‌మేకర్ కాలపు ఫాంట్లకు అలాంటి ఇంజిన్ ఆసరా లేదు. ఫాంటులో ఉండే గళ్లు 256, అవీ అన్నీ వాడుకోవడానికి వీలు కానివి. తెలుగు గుణింతాలూ వత్తులూ కలిపి అందులో పట్టవు. అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక గడిలో, అక్షరం ఒళ్లు ఒక గడిలో, వత్తులు మరికొన్ని గళ్లలో. ఇంగ్లిష్ అక్షరాలు ఉండాల్సిన గళ్లలోనే ఈ ముక్కలు కూర్చున్నాయి. కంప్యూటర్ దృష్టిలో అది ఏదో ఇంగ్లిష్ గజిబిజి. కంటికి మాత్రం ముచ్చటైన తెలుగు. పైగా ఏ కంపెనీ గళ్లు ఆ కంపెనీవి. అనూలో కూర్చిన పేజీకి శ్రీలిపి ఫాంటు తగిలిస్తే ఒక్క మాట కూడా చదవలేం.

ఇన్‌డిజైన్ 1999 నుంచే ఉంది కదా, అందులోకి మారిపోవచ్చు కదా అని ఇప్పుడు అడిగేవాళ్లు చాలామంది. మారినా ఫలితం ఉండేది కాదు. తెలుగు యూనికోడ్‌ను అది తీసుకునేది కానీ, వత్తులు కట్టడం దానికి రాదు. పొల్లులు బయటపడి అక్షరాలు విడివిడిగా నిలబడేవి. 2008లో వచ్చిన ఇన్‌డిజైన్ సీఎస్4 వెర్షన్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ అనే ఇంజిన్‌ను లోపల పెట్టారు కానీ మెనూలో చూపించలేదు. స్క్రిప్టుతోనో, వేరేచోట తయారైన టెంప్లేట్‌తోనో దాన్ని లేపాలి. ఈ సంగతి ఎరిగిన డీటీపీ సెంటర్లు ఎన్ని ఉంటాయి? తెలుగు సహా 10 భారతీయ భాషలకు మద్దతు ఉందని అడోబీ బాహాటంగా చెప్పింది 2012లో, సీఎస్6తో.

2001 నుంచి 2012 దాకా 11 ఏళ్లు. ఈలోగా రాసేవాళ్లు ఆగలేదు. 2003లో తెలుగు వికీపీడియా మొదలైంది. లేఖిని అనే వెబ్‌సైట్‌లో ఇంగ్లిష్ అక్షరాలు కొడుతూ తెలుగు రాయడం వచ్చింది. బ్లాగులు వచ్చాయి, వాటి వెనకే ఫోన్లు వచ్చాయి. ఒక తరం రచయితలు యూనికోడ్ తప్ప మరొకటి తెలియకుండానే రచయితలయ్యారు. అచ్చు పని మాత్రం పేజ్‌మేకర్‌లోనే ఉండిపోయింది.

ఆపరేటర్లు కొత్తది నేర్చుకోరు అన్న మాట ఈ తగువులో పదే పదే వినిపిస్తుంది. నాకది అన్యాయంగా అనిపిస్తుంది. వాళ్లవైపు నుంచి చూడండి. అనూలో వాడే ఆపిల్ అనే కీబోర్డు అమరిక మీద ఏళ్ల తరబడి వేళ్లకు పట్టుబడిన వేగం వాళ్ల బతుకుదెరువు. పేజీకి ఇంతని లెక్కగట్టి ఇచ్చే పనిలో కొత్త కీబోర్డు నేర్చుకునే నెలల్లో పడిపోయే సంపాదనను ఎవరూ భర్తీ చేయరు. ఫాంట్ల సంగతి మరీ ముఖ్యం. అనూలో పుస్తకం ఒంటికి ఒకటి, శీర్షికకు ఒకటి, కవర్‌కు ఒకటి అని ఏరుకోవడానికి బోలెడు ఉన్నాయి. యూనికోడ్‌లో మొదట్లో చేతికందినవి గౌతమి, పోతన, వేమన వంటి కొన్నే. గౌతమిలో వరసల మధ్య ఖాళీ ఎక్కువ. పేజీకి పట్టే వరసలు తగ్గితే ఫారాలు (ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్టలు) పెరుగుతాయి, ఫారాలు పెరిగితే కాగితం ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు భరిస్తామని ముందుకొచ్చిన ప్రచురణకర్తలు ఎవరు? అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర చొరవతో మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఫాంట్లు ఉచితంగా వచ్చాక పరిస్థితి మారింది. అయితే అప్పటికే ప్రతి సెంటర్‌లోనూ వందల పుస్తకాలు పేజ్‌మేకర్ ఫైళ్లుగా పేరుకుపోయి ఉన్నాయి. పునర్ముద్రణ వస్తే తెరవాల్సింది వాటినే. వాటి కోసమే పాత విండోస్ కంప్యూటర్‌ను ఒక మూల కాపాడుకునే సెంటర్లున్నాయి.

రచయితల వాదన చిన్నది, గట్టిది. అను పీడీఎఫ్‌లో ఒక పేరు వెతికితే దొరకదు, ఒక పేరా కాపీ చేస్తే గజిబిజి వస్తుంది, ఈ-బుక్ చేయాలంటే మళ్లీ మొదటికొస్తుంది. నిజమే.

అసలు అక్షరం రూపాన్ని కాకుండా పలుకును దాచుకోవాలన్న ఆలోచన మనకు బయటి నుంచి వచ్చింది కూడా కాదు. ఇస్కీ అనే భారతీయ ప్రమాణం చేసింది అదే. భారతీయ ప్రమాణాల సంస్థ దాన్ని 1991లో ఐఎస్ 13194గా ఖరారు చేసింది. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన గళ్ల అమరిక దాని 1988 నాటి రూపం ఆధారంగా వచ్చిందే. ప్రమాణం చేతిలో ఉండగానే ఫాంటు కంపెనీలు ఎవరి గళ్లు వారు గీసుకున్నాయి. ఆ రోజుల్లో అడిగినవాళ్లు లేరు.

ఇప్పటి తప్పులు పుట్టేది ఈ రెండు పద్ధతుల మధ్య మార్పిడిలో. ఎక్కడెక్కడ పుడతాయో కూడా తెలిసిందే. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో ట పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. యూనికోడ్‌ను అనూలోకి మార్చే కన్వర్టర్ దాన్ని వదిలేస్తే ట కిందికి వ వత్తు దిగిపోతుంది. మధ్యలో ఇంగ్లిష్ మాట ఉంటే, మొత్తం పేరాకు అను ఫాంటు పెట్టేసరికి అది అర్థం లేని తెలుగు ముక్కలవుతుంది. కొటేషన్ గుర్తులు, అరసున్న, ఙ, ఞ కూడా అనుమానంగా చూడాల్సినవే. ఇవేవీ రచయిత చేసినవి కావు, ఆపరేటర్ చేసినవీ కావు.

ఇన్‌డిజైన్‌కు మారినవాళ్లకు మరో బెడద ఉంది. ఇంగ్లిష్ ఇన్‌స్టలేషన్‌లో కొత్త డాక్యుమెంట్ మామూలు పేరాగ్రాఫ్ కంపోజర్‌తోనే తెరుచుకుంటుంది. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలోకి వెళ్లి వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్‌ను ఎంచుకోవాలి, భాష తెలుగు అని పెట్టాలి. అది తెలియక, విరిగిన వత్తులు చూసి "చెప్పానా, ఇందులో తెలుగు రాదు" అని వెనక్కి వెళ్లినవాళ్లున్నారు. 2024లో వచ్చిన స్క్రైబస్ 1.6 అనే పేజీ సాఫ్ట్‌వేర్ అయితే ఉచితం, తెలుగు వత్తులు కడుతుంది. జీటెక్ (XeTeX) అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్ అంతకన్నా చాలా ముందు నుంచే కడుతోంది కానీ దాన్ని వాడే ప్రెస్సులు అరుదు.

రెండో ప్రూఫు డబ్బు మాటకొస్తే, అది ప్రచురణకర్త పెట్టుకోవాల్సిన ఖర్చు. ఏ సాఫ్ట్‌వేర్‌లో పేజీలు కట్టించాలో నిర్ణయించేది వాళ్లే. మార్పిడి చేయించేదీ వాళ్లే. సొంత డబ్బుతో పుస్తకం వేసుకునే రచయిత మాత్రం మొదటి రోజే సెంటర్‌ను రెండు విషయాలు అడగాలి: పేజీలు యూనికోడ్‌లోనే కడతారా, పని అయ్యాక ఇన్‌డిజైన్ ఫైలూ ఫాంట్లూ కలిపి ప్యాకేజీగా ఇస్తారా. కాదంటే మార్పిడి తర్వాతి ప్రూఫుకు వారం రోజులు, దానికయ్యే డబ్బు ముందే లెక్కలో వేసుకోవాలి.