నీలిపొగ ఎప్పుడు వస్తోంది?

2000ల దశకం మధ్యలో మన దేశంలో అమ్ముడైన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్‌ను వేగం ఇష్టపడేవారు ఇప్పటికీ ప్రేమగా తలచుకుంటారు. 1,781 సీసీ ఇంజన్, నాలుగు సిలిండర్లు, ఒక్కో సిలిండరుకు ఐదు వాల్వులు, గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపే ఒక టర్బో, 150 హార్స్‌పవర్. ఆ కార్లు ఇరవై ఏళ్ల వయసుకు చేరాయి. లక్షన్నర, రెండు లక్షల కిలోమీటర్లు తిరిగినవి అరుదేమీ కాదు. అలాంటి కారు సైలెన్సర్ నుంచి ఒక ఉదయం నీలిపొగ కనిపిస్తే షెడ్డులో మొదట వినిపించే తీర్పు ‘రింగులు పోయాయి, ఇంజన్ దించాలి’ అనేదే. అది నిజం కావచ్చు. కానీ ఆ ఇంజన్‌లో ఆయిల్ మంటలోకి చేరే ముఖ్యమైన దారులు నాలుగున్నాయి: పిస్టన్ రింగులు, వాల్వ్ సీళ్లు, టర్బో, పిస్టన్ల కింది గది అయిన క్రాంక్‌కేస్ గాలిని బయటికి పంపే బ్రీదర్ గొట్టాలు. వీటిలో చివరి మూడింటికి ఇంజన్ దించనక్కర్లేదు. ఏ దారి తెరుచుకున్నదో పొగ రంగు చెప్పదు. పొగ ఏ సందర్భంలో వస్తోందో గమనిస్తే తెలుస్తుంది.

ముందు రంగు సంగతి చూద్దాం. పెట్రోలు కాలినప్పుడు నీరు పుడుతుంది. లీటరు పెట్రోలు పూర్తిగా కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా బయటికి పోతుంది. లంబసింగిలో డిసెంబరు ఉదయం కారు స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నుంచి తెల్లటి ఆవిరి రావడానికి కారణం అదే. ఇంజన్ వేడెక్కిన తరువాత కూడా ఆ తెలుపు పోకుండా, తియ్యటి వాసనతో వస్తూ, కూలెంట్ తగ్గుతూ ఉంటే అప్పుడు ఇంజన్ పైభాగమైన హెడ్‌కు, కింది భాగానికి మధ్య బిగించే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. నల్లపొగ కాలని కార్బన్ మసి. అది పెట్రోలు ఎక్కువైందన్న గుర్తు తప్ప ఆయిల్‌కు సంబంధించినది కాదు. ఇక నీలం. వేడికి ఆవిరైన ఆయిల్ బయటి గాలిలో చల్లబడి, కాంతి తరంగదైర్ఘ్యం కన్నా చిన్నవైన తుంపరలుగా మారుతుంది. అంత చిన్న కణాలు ఎరుపు కన్నా నీలం కాంతిని ఎక్కువగా చెదరగొడతాయి. వెలిగించిన అగరుబత్తి పొగను చీకటి గోడ ముందు చూస్తే కనిపించే లేత నీలానికి కూడా ఇదే కారణం. తుంపరలు కలిసి పెద్దవైతే అదే పొగ తెల్లగా కనిపిస్తుంది. అందుకే ఆయిల్ పొగ దట్టమైనప్పుడు ఆవిరిలా భ్రమ కలిగిస్తుంది. ఆవిరి కాసేపటికే గాలిలో కలిసి మాయమవుతుంది. ఆయిల్ పొగ రోడ్డు మీద చాలాసేపు తేలుతుంది, ముక్కుకు ఘాటుగా తగులుతుంది.

పొగ లేదు కాబట్టి ఆయిల్ తాగడం లేదనుకోవడం పెద్ద పొరపాటు. ఆక్టేవియా యజమాని పుస్తకం 1,000 కిలోమీటర్లకు అర లీటరు వరకు ఆయిల్ ఖర్చును మామూలుగానే లెక్కిస్తుంది. కారు సగటున గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, ఇంజన్ నిమిషానికి 2,500 సార్లు తిరుగుతూ ఆ దూరం వెళ్లిందనుకుంటే, నాలుగు సిలిండర్లలో కలిపి 50 లక్షల సార్లు మంట పుడుతుంది. అర లీటరును 50 లక్షలతో భాగిస్తే ఒక్కో మంటకు వచ్చేది ఘన మిల్లీమీటరులో పదో వంతు. అంత కొద్ది ఆయిల్ కంటికి కనిపించకుండానే కాలిపోతుంది, మిగిలిన ఆవిరిని కూడా చాలావరకు పొగగొట్టంలో ఉండి విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ కాల్చేస్తుంది. అలా కాల్చినందుకు అది మూల్యం చెల్లిస్తుంది: ఆయిల్‌లో అరుగుదలను ఆపడానికి కలిపే ఫాస్ఫరస్ క్రమంగా కన్వర్టర్ లోపలి పూతను పనికిరాకుండా చేస్తుంది.

కాబట్టి కళ్లకన్నా ముందు ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్‌ను నమ్మాలి. బండిని ఎప్పుడూ ఒకే సమతల స్థలంలో నిలిపి, వేడెక్కిన ఇంజన్‌ను ఆపిన కొన్ని నిమిషాల తరువాత కొలవాలి. మట్టం పై గీత దాకా నింపి, 1,000 కిలోమీటర్ల తరువాత మళ్లీ కొలిచి, ఎంత పోశామో రాసి పెట్టుకోవాలి. ఇక్కడ ఒక మోసం ఉంది. ఊళ్లోనే రోజూ రెండు మూడు కిలోమీటర్లు తిరిగే కారులో కాలని పెట్రోలు కొంత ఆయిల్‌లోకి దిగి మట్టాన్ని నిలబెడుతుంది. అదే కారు ఒకరోజు హైదరాబాద్ నుంచి విజయవాడకు ఏకబిగిన వెళితే ఆ పెట్రోలు ఆవిరైపోయి, ఆ ఒక్క ప్రయాణంలోనే ఇంజన్ ఆయిల్ మింగేసినట్లు కనిపిస్తుంది. కింద కారుతున్నదేమైనా ఉందా అనేది కూడా ముందే చూడాలి. ఈ ఇంజన్‌లో వాల్వ్ కవర్ గాస్కెట్, కామ్ చైన్ టెన్షనర్ గాస్కెట్ పాతబడి చెమర్చడం సాధారణం.

ఇప్పుడు సందర్భం. ఇంజన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉన్నప్పుడు, సిలిండర్లకు గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో పీడనం బయటి గాలి పీడనంలో మూడో వంతుకు పడిపోతుంది; గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంకా తగ్గుతుంది. ఆ వాక్యూమ్ ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి ఆయిల్‌ను పీలుస్తుంది. తిరుమల నుంచి పాత ఘాట్ రోడ్డులో చిన్న గేరులో దిగి, కింద సమతలానికి రాగానే యాక్సిలరేటర్ తొక్కితే ఒక్కసారి నీలిపొగ గుప్పుమని, కొన్ని క్షణాల్లో తేటపడితే, దిగుతున్నంతసేపూ వాల్వ్ కాడలు కదిలే గొట్టాలైన వాల్వ్ గైడ్ల గుండా, వాటి సీళ్లను దాటి ఆయిల్ జారిందని అర్థం. రాత్రంతా నిలిపి ఉదయం స్టార్ట్ చేసినప్పుడు ఒక్క గుప్పెడు పొగ రావడం, సిగ్నల్ దగ్గర చాలాసేపు ఆగి కదిలినప్పుడు రావడం కూడా ఇదే కోవకు చెందినవి. సీళ్ల రబ్బరు ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి, వాల్వ్ కాడను తుడవలేకపోతోంది. రింగుల పొగ తీరు వేరు: ఎత్తు ఎక్కుతున్నప్పుడు, బరువు లాగుతున్నప్పుడు అది తగ్గదు, ఇంజన్ మీద భారం పెరిగేకొద్దీ పెరుగుతుంది.

టర్బో దగ్గర మాత్రం చాలామంది దారి తప్పుతారు. నిమిషానికి లక్ష సార్లకు పైగా తిరిగే టర్బో ఇరుసుకు రబ్బరు సీలు ఉండదు. పిస్టన్ రింగు లాంటి సన్నని లోహపు రింగులుంటాయి. అవి ఆయిల్‌ను ఆపగలిగేది బయట గ్యాస్ పీడనం, లోపల ఆయిల్ తేలిగ్గా కిందికి జారే దారి రెండూ సక్రమంగా ఉన్నప్పుడే. ఆయిల్ లోనికి ఒత్తిడితో వస్తుంది, తిరిగి ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లోకి తన బరువుతోనే పడాలి. సంప్ పైనున్న క్రాంక్‌కేస్‌లో పీడనం పెరిగితే లేదా వెనక్కి వెళ్లే గొట్టం మడ్డితో ఇరుకైతే ఆయిల్ టర్బోలోనే నిలిచిపోయి, చక్కగా ఉన్న రింగులను కూడా దాటి సైలెన్సర్‌లోకి చేరుతుంది. వేల రూపాయలు పోసి కొత్త టర్బో బిగించినా మూడో రోజే మళ్లీ పొగ రావడానికి ఇదే కారణం.

ఆ పీడనాన్ని అదుపులో ఉంచేవి మానిఫోల్డ్ కింద, చేయి సరిగా దూరని చోట ఉన్న రబ్బరు గొట్టాలు, వాటి మధ్యనున్న చిన్న ప్లాస్టిక్ చెక్ వాల్వ్. ఐడిల్‌లో క్రాంక్‌కేస్ వాయువులు ఈ వాల్వ్ గుండా మానిఫోల్డ్‌లోకి వెళ్లాలి; టర్బో గాలిని నొక్కుతున్నప్పుడు వాల్వ్ మూసుకుపోవాలి. అది మూసుకోకపోతే టర్బో గాలి వెనక్కి తిరిగి క్రాంక్‌కేస్‌లో చొరబడి, ఆయిల్‌ను టర్బోలోకీ గాస్కెట్ల బయటికీ తోస్తుంది. అంటే ఈ ఒక్క చౌకైన వాల్వ్ చెడితే, రింగులు పోయినట్లూ టర్బో పోయినట్లూ కూడా కనిపిస్తుంది. వాల్వ్‌ను ఊడదీసి, శుభ్రం చేసి, నోటితో ఊదండి: గాలి ఒకవైపే వెళ్లాలి. నా మాటగా చెప్పాలంటే, ఈ పని చేయకుండా ఈ ఇంజన్ మీద ఏ తీర్పూ చెప్పకూడదు.

బ్రీదర్ బాగుందని తేలితే ప్లగ్గులు విప్పాలి. నాలుగింటిలో ఒక్కటే ఆయిల్‌తో తడిసి ఉంటే తప్పు ఆ ఒక్క సిలిండరులోనే ఉంది. నాలుగూ ఒకేలా తడిసి ఉంటే ఆయిల్ ఇన్‌టేక్ గాలితోనే వస్తూ ఉండవచ్చు. అప్పుడు టర్బో నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టాలు విప్పి చూడాలి. లోపల పల్చటి ఆయిల్ పొర సహజం, గిన్నెలోకి వంచుకునేంత ఉంటే కాదు. తరువాత కంప్రెషన్ కొలత, అంటే సిలిండరులో గాలి ఎంత పీడనానికి నొక్కుకుంటుందో చూడటం: ఈ ఇంజన్‌కు అరుగుదల హద్దు 7 బార్, సిలిండర్ల మధ్య తేడా 3 బార్ మించకూడదు. తక్కువ వచ్చిన సిలిండరులో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే అంకె పెరిగితే లోపం రింగులది, పెరగకపోతే వాల్వులది.

అయితే కంప్రెషన్ బాగా వచ్చినంత మాత్రాన రింగులు నిర్దోషులని అనుకోవద్దు. పిస్టన్‌కు మూడు రింగులు. పై రెండూ గ్యాస్‌ను ఆపుతాయి, మూడోది సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను గీకి, తన గాడిలోని రంధ్రాల గుండా కిందికి పంపుతుంది. ఆయిల్ ఆలస్యంగా మార్చిన ఇంజన్‌లో ఆ రంధ్రాలు కార్బన్‌తో మూసుకుపోయి మూడో రింగు బిగుసుకుంటుంది. పై రెండూ బాగుంటాయి, అంకెలు బాగుంటాయి, ఆయిల్ మాత్రం పోతూనే ఉంటుంది. ఇదే కుటుంబానికి చెందిన 1.8 టర్బో ఇంజన్ ఉన్న 1998–2004 పసాట్ కార్లలో ఆయిల్ మడ్డిగా మారే సమస్య వల్ల ఫోక్స్‌వ్యాగన్ అమెరికాలో వారంటీని 8 ఏళ్లకు పొడిగించవలసి వచ్చింది. ప్లగ్ రంధ్రం గుండా సన్నని కెమెరా దించితే పిస్టన్ నడినెత్తిన మసి ఉండి, అంచు చుట్టూ కడిగినట్లు మెరుస్తూ కనిపిస్తే రింగుల పక్క నుంచి ఆయిల్ పైకి వస్తోందన్నమాట.

ఈ పరీక్షలన్నీ ముగియకముందే చిక్కటి ఆయిల్ గానీ ‘పొగ ఆపే’ సీసా మందు గానీ పోయవద్దని గట్టిగా చెబుతాను. పొగ కొంత తగ్గవచ్చు. దానితోపాటు అది వచ్చే తీరు కూడా మారిపోయి, కారణం కనుక్కునే ఆధారం పోతుంది. వాల్వ్ సీళ్లే కారణమని తేలితే, సిలిండరులోకి కంప్రెసర్ గాలి పట్టి వాల్వులు కిందికి జారకుండా నిలిపి, హెడ్ విప్పకుండానే ఇరవై సీళ్లూ మార్చవచ్చు. ఏది బాగుచేసినా ఇంటర్‌కూలర్‌లో, సైలెన్సర్‌లో మిగిలిన పాత ఆయిల్ కాలిపోయేదాకా పొగ కొన్ని రోజులు వస్తూనే ఉంటుంది. దాన్ని చూసి చేసిన పనిని శంకించకుండా, మట్టం పై గీతకు నింపి, మళ్లీ 1,000 కిలోమీటర్లు తిరిగిన తరువాత డిప్‌స్టిక్ తీసి చూడాలి.