కొని తెచ్చుకున్న లెవెల్: పాత ఆటల పునర్విడుదల వెనుక తగవు

పదిహేనేళ్ల కిందట విజయనగరం మయూరి జంక్షన్ దగ్గర ఒకే నెట్ సెంటర్లో కూర్చుని ఆడిన మేము పదిమందిమి ఇప్పుడు తలో ఊళ్లో ఉన్నాం. ఒకరు రాజాంలో పాఠాలు చెబుతున్నారు, ఒకరు చీపురుపల్లిలో బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు పొద్దున్నే విశాఖ రైలెక్కి రాత్రి పొద్దుపోయాక ఇల్లు చేరేవారు. వేలమంది ఒకే లోకంలో కలిసి ఆడే ఆన్‌లైన్ ఆట వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఇరవయ్యేళ్లు నిండిన సందర్భంగా 2024 నవంబరులో పాత ఆటను మొదటి మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టే సర్వర్లు తెరిచినప్పుడు మేమంతా తిరిగి ఒక గిల్డ్‌గా, అంటే ఆటలో కలిసి ఆడే జట్టుగా, చేరాం. ఆ సర్వర్లు తర్వాతి ఘట్టమైన బర్నింగ్ క్రూసేడ్‌కు వెళతాయని తేలగానే, వెనకబడినవారు డబ్బు కట్టి 58వ లెవెల్‌కు చేరే బూస్ట్‌ను మళ్లీ అమ్మితే మా గిల్డ్ దాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్న వాదన మాలో మొదలైంది. ఇది మా పదిమంది గొడవ మాత్రమే కాదు. దీని వెనుక పదేళ్లకు పైబడిన చరిత్ర ఉంది, అది తెలియకుండా ఏ పక్షం మాటైనా సగమే అర్థమవుతుంది.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004 నవంబరు 23న అమెరికాలో విడుదలైనప్పుడు ఆటలో చేరగలిగిన చివరి మెట్టు 60వ లెవెల్. కొత్తగా వచ్చినవారికి అక్కడికి చేరడానికి రెండు వందల గంటలు పట్టడం మామూలే. ఆ గంటలన్నీ అసలు ఆటకు ముందు గడపాల్సిన నిరీక్షణ అనుకుంటే పొరపాటు. ఏ మంత్రం ఎప్పుడు వేయాలో, గుంపులో దెబ్బలు కాచుకునేవాడి వెనుక ఎలా నిలబడాలో, ఎంత నమ్మకస్తుడైతే ఒకడిని మళ్లీ పిలుస్తారో ఆటగాడు ఆ దారిలోనే నేర్చుకుంటాడు. 1919లో మొదలైన మా ఊరి సంగీత కళాశాలలో సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు దాటాకే వర్ణం పట్టిస్తారు. అక్కడ చదివినవారికి ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు.

అయితే ఆ దారిని మొదట పాడుపెట్టింది బూస్ట్ కాదు, ఆట పెరగడమే. 2007 జనవరిలో బర్నింగ్ క్రూసేడ్ చివరి మెట్టును 70కి, 2008 నవంబరులో రాత్ ఆఫ్ ది లిచ్ కింగ్ 80కి పెంచాయి. ప్రతి విస్తరణతోనూ జనం కొత్త ప్రాంతాలకు తరలిపోగా పాత ఊళ్లు ఖాళీ అయ్యాయి, నలుగురు కలిస్తే తప్ప పూర్తికాని పనులకు నలుగురు దొరకని స్థితి వచ్చింది. 2010 డిసెంబరులో వచ్చిన కాటాక్లిజమ్ పాత ఖండాలనే కొత్తగా చెక్కి, 2004 నాటి ప్రపంచాన్ని డబ్బిచ్చినా చూడలేని విధంగా చెరిపేసింది. చందాదారుల సంఖ్య కోటీ ఇరవై లక్షలు దాటి శిఖరానికి చేరిన సంవత్సరం కూడా అదే కావడం గమనించాలి. దారి అలా నిర్మానుష్యమయ్యాక, 2014 మార్చిలో ఆటను తయారుచేసిన బ్లిజార్డ్ కంపెనీ 90వ లెవెల్ పాత్రను 60 డాలర్లకు, అంటే అప్పటి లెక్కలో 3,600 రూపాయలకు పైగా ధరకు అమ్మకానికి పెట్టింది. నడిచే మనిషి లేని బాటను దాటించడానికి రుసుము తీసుకోవడంలో తప్పేమిటని ఆనాడు చాలామంది ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను.

పోయిన ప్రపంచాన్ని బతికించింది ప్రైవేట్ సర్వర్లు, అంటే కంపెనీ అనుమతి లేకుండా అభిమానులు సొంతంగా నడిపినవి. మా బోటి చిన్న ఊళ్ల ఆటగాళ్లకు అవి మొదటి నుంచీ పరిచయమే. నెలకు 15 డాలర్ల చందా, అంటే 2009లో 700 రూపాయల పైమాట, కట్టాలంటే విదేశీ చెల్లింపులకు పనికొచ్చే క్రెడిట్ కార్డు కావాలి, అది మా ఇళ్లలో ఎవరికీ లేదు. గంటకు పదిహేను రూపాయల నెట్ సెంటర్లో ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించిన ఆట మాకు అదే అసలు ఆట. వాటిలో అన్నిటికంటే పేరుపొందిన నోస్టాల్రియస్ 2015 ఫిబ్రవరిలో మొదలై, 2006 నాటి ఆటను దాదాపు యథాతథంగా నడిపింది. ఎనిమిది లక్షల ఖాతాలు, లక్షన్నర మంది క్రియాశీల ఆటగాళ్లు ఉన్నారని దాని నిర్వాహకులు ప్రకటించారు. బ్లిజార్డ్ న్యాయవాదుల నోటీసుతో 2016 ఏప్రిల్ 10న అది మూతపడింది. చివరి రాత్రి వేలమంది పాత్రలు వరుసకట్టి నడిచిన దృశ్యం చూసినవారు మరచిపోలేదు. రెండు లక్షలకు పైగా సంతకాలతో విన్నపం తయారైంది, జూన్ నెలలో నోస్టాల్రియస్ బృందాన్ని కంపెనీయే పిలిచి మాట్లాడింది.

ఆ సమావేశం విలువ తెలియాలంటే మూడేళ్లు వెనక్కి వెళ్లాలి. 2013లో బ్లిజార్డ్ జరిపే అభిమానుల సభ బ్లిజ్‌కాన్‌లో ఒక ఆటగాడు పాత సర్వర్లు తెరుస్తారా అని అడిగినప్పుడు, ఆట బాధ్యతల్లో ఉన్న జె. ఆలెన్ బ్రాక్, అది కావాలని మీరు అనుకుంటున్నారు గానీ నిజానికి మీకు అక్కర్లేదు అన్న అర్థంలో జవాబిచ్చారు. అదే బ్రాక్ 2017 నవంబరు 3న అదే సభలో పాత ఆటను తిరిగి తెచ్చే క్లాసిక్‌ను ప్రకటించారు, 2019 ఆగస్టు 26న అది విడుదలైంది. తమకేం కావాలో తమకే తెలియదని అనిపించుకున్నవారు ఆరేళ్లకు తమ మాట నెగ్గించుకున్నారు గనుక, ఆ తర్వాత ప్రతి చిన్న మార్పునూ వారు అనుమానంగా చూడడాన్ని మొండితనమని కొట్టిపారేయడం న్యాయం కాదు. “ఏ మార్పూ వద్దు” అన్న నినాదం పుట్టింది ఆ గాయం నుంచే.

నినాదం నిజాయతీగలదే అయినా అక్షరాలా పాటించడం సాధ్యం కాదు. క్లాసిక్‌కు ప్రాతిపదికగా తీసుకున్నది 2006 ఆగస్టు నాటి 1.12 ప్యాచ్, అంటే ఆటకు చేసిన సవరణ. ఆటగాళ్ల శక్తియుక్తులు ఆ చివరి దశవి, ఎదురయ్యే తొలి రాక్షసులు మాత్రం అంతకుముందు దశ కోసం తయారైనవారు. ఆ తొలి రాక్షసుల్లో ఒకడైన రాగ్నరోస్‌ను 2005లో తొలిసారి ఓడించడానికి విడుదల నుంచి ఐదు నెలలు పట్టింది, 2019లో వారం కూడా పట్టలేదు. సర్వర్ పాతదే, ఆడేవారు మాత్రం పదిహేనేళ్ల అనుభవంతో వచ్చారు. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. కంపెనీ బూస్ట్ అమ్మకముందే ఆటగాళ్లే బూస్ట్ అమ్మారు. ఒక్క మేజ్ (మంత్రగాడి పాత్ర) గుహలో శత్రువులందరినీ ఒకచోటికి లాగి మంచుతో చంపుతుంటే, ఆటలోని నాణేలైన గోల్డ్ చెల్లించిన నలుగురు పక్కన నిలబడి లెవెళ్లు ఎక్కేవారు. ఆ గోల్డ్‌లో కొంత బయట అసలు డబ్బుతో కొన్నదేనని అందరికీ తెలుసు. 2020 జూన్‌లో రోజుకు 30 సార్లకు మించి ఇలాంటి చోట్లకు ప్రవేశం లేకుండా కట్టడి చేసినా ఆ వ్యాపారం ఆగలేదు.

ఈ నేపథ్యంలో, 2021 జూన్ 1న బర్నింగ్ క్రూసేడ్ క్లాసిక్ తెరుచుకోవడానికి ముందు, బ్లిజార్డ్ 58వ లెవెల్ బూస్ట్‌ను దాదాపు 40 డాలర్లకు, మన లెక్కలో 2,900 రూపాయల చిల్లరకు అమ్మింది. కొత్త లోకమైన అవుట్‌ల్యాండ్ తలుపు తెరుచుకునేది సరిగ్గా 58 దగ్గరే. ఖాతాకు ఒక్కటే అని, కొత్తగా చేరిన రెండు జాతులకు వర్తించదని, పాత దశలోనే ఉండిపోయే సర్వర్లలో చెల్లదని షరతులు పెట్టింది. పాత పాత్రను రెండు చోట్లా ఉంచుకునేందుకు నకలుకు ముందు 35 డాలర్లు అడిగి, ఆగ్రహం చూసి 15కు దించింది. బూస్ట్‌తో పాటు ప్రత్యేక వాహనాన్నీ కలిపి 70 డాలర్లకు అమ్మిన మూట మీద ఇంకా ఎక్కువ కోపం కనిపించింది. ఆ వాహనం ఎక్కి నగరంలోకి వచ్చినవారి మీద తోటి ఆటగాళ్లు ఆటలోని ఉమ్మే సంజ్ఞను ప్రయోగించిన సందర్భాలు కోకొల్లలు. అమ్మినవారి మీద కోపాన్ని కొన్నవారి మీద చూపడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

బూస్ట్‌ను సమర్థించేవారి వాదన తేలిగ్గా తీసేయదగినది కాదు. రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరి, పిల్లల్ని పడుకోబెట్టాక గంటన్నర మాత్రమే దొరికే మనిషికి రెండు వందల గంటలంటే నాలుగు నెలల పైమాట. ఆ లోపు స్నేహితులు ఆ ఘట్టాన్నే ముగించి వెళ్లిపోతారు. “మీతో ఆడదామని కదా గురూ వచ్చింది, ఒంటరిగా పందుల్ని కొట్టుకోడానికి కాదు” అని మావాడొకడు అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. కాదనేవారు చెప్పేది వేరు. తయారుగా వచ్చిన పాత్రల్లో బాట్లు (మనిషి బదులు ఆడే ప్రోగ్రాములు), గోల్డ్ వ్యాపారులవి కూడా ఉంటాయని, ఒక ఖాతా మూసేస్తే మరొకటి కొనుక్కుని మర్నాడే 58 దగ్గర ప్రత్యక్షమవుతారని, కింది లెవెళ్ల దారి మళ్లీ ఖాళీ అవుతుందని వారంటారు. 2007 తర్వాత ఏం జరిగిందో చూసినవారికి ఆ చివరి భయం ఊహాజనితం కాదు.

నేను కాదనేవారి పక్షమే, అయితే నా కారణం కొంచెం వేరు. 2014లో అమ్మిన బూస్ట్ ఖాళీ అయిన దారిని దాటించింది. 2021లో అమ్మినది, జనం కోరి కోరి మళ్లీ వేయించుకున్న దారిని దాటించింది. రెండూ ఒకే వస్తువు కావు. ఆటను ఉన్నదున్నట్టు ఇస్తామని పిలిచి, జనం చేరాక, వారిని అడగకుండా అందులోని ముఖ్యభాగాన్ని దాటవేసే హక్కును విడిగా అమ్మడం మాట తప్పడమే.

అడిగి చేయవచ్చని నిరూపించిన ఆట ఒకటుంది. 2012 నవంబరులో రూన్‌స్కేప్ యుద్ధ పద్ధతిని సమూలంగా మార్చినప్పుడు జనం వెళ్లిపోవడం మొదలైంది. జాగెక్స్ సంస్థ తన దగ్గర మిగిలిన 2007 ఆగస్టు నాటి ప్రతిని తిరిగి తెరవాలా అని ఓటింగ్ పెడితే నాలుగు లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి, 2013 ఫిబ్రవరి 22న ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ మొదలైంది. ఆ తర్వాత కొత్తగా ఏది చేర్చాలన్నా ఆటగాళ్ల ఓట్లలో 75 శాతం రావాలన్న నియమం పెట్టుకున్నారు, తర్వాత దాన్ని 70కి తగ్గించారు. డబ్బుతో కొని ఆటలోని నాణేలకు మార్చుకునే బాండ్లు 2015 నుంచి అక్కడా ఉన్నాయి కనుక అది మచ్చలేని ఆట అని నేననను. కానీ అక్కడ పాత ఆట మారింది, పెరిగింది, మారినందుకు ఎవరూ మోసపోయామని అనుకోలేదు.

వార్‌క్రాఫ్ట్‌లో ఆ పద్ధతి రాలేదు. 2022 సెప్టెంబరులో వచ్చిన రాత్ క్లాసిక్‌లో 70వ లెవెల్ బూస్ట్ అమ్మారు. అసలు రాత్‌లో ఉన్న డంజన్ ఫైండర్‌ను, అంటే గుంపును తనంతట తానే కూర్చే సాధనాన్ని, మనుషుల మధ్య పరిచయాలు దెబ్బతింటాయని మొదట తీసేసి, మరుసటి ఏడాది తిరిగి పెట్టారు. 2023 మేలో డబ్బును గోల్డ్‌గా మార్చే టోకెన్ వచ్చింది. 2024 మేలో కాటాక్లిజమ్ క్లాసిక్ విడుదలయ్యేసరికి, ఏ మార్పును తప్పించుకోవడానికి ఈ ప్రయాణం మొదలైందో ఆ మార్పు దగ్గరకే సర్వర్లు చేరుకున్నాయి. మొదటి దశలోనే ఉండిపోదలచినవారికి వేరే సర్వర్లు మిగలడం ఒక్కటే ఊరట.

మేము మాత్రం మా వరకు ఓటు పెట్టుకున్నాం. బూస్ట్ కొన్నవారిని గిల్డ్ రైడ్‌లకు, అంటే పెద్ద గుంపుగా చేసే దాడులకు, తీసుకోవాలా అన్న ప్రశ్నకు ఏడుగురు వద్దన్నారు, ముగ్గురు తీసుకోవాలన్నారు. ఆ ముగ్గురిలో ఇద్దరు విశాఖ రైలెక్కేవారే. వారి కోసం ఆదివారం రాత్రులు మిగతా మేమంతా కొత్త పాత్రలతో ఒకటో లెవెల్ నుంచి కలిసి నడవాలని నిర్ణయించుకున్నాం, ఇప్పటికి 23 దగ్గర ఉన్నాం.