కొత్త అల్లుడికీ చప్పట్లే

బరంపురం

చిరంజీవులు చిట్టికి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో చిట్టి ఒక ప్రశ్న అడిగింది. నేను నోరు తెరిచేలోపే మీ అమ్మ ఫోన్ లాక్కుని నా బీపీ మాత్రల సంగతి మొదలుపెట్టింది. "తాతయ్యా, ముంబైలో వాయించిన ఆ మొదటి పాట నీకేమీ అర్థం కాలేదన్నావు కదా, మరి చప్పట్లెందుకు కొట్టావు?" ఇదీ ప్రశ్న. రాయగడ నుంచి ఇంత సూటిగా అడిగితే ఉత్తరం రాయక తప్పుతుందా?

కోణార్క్ ఎక్కి మీ మామయ్య దగ్గరికి వెళ్ళానా, వాడు నన్ను నారిమన్ పాయింట్‌లోని ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రానికి తీసుకెళ్ళాడు. 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా అనే పాశ్చాత్య సంగీత వాద్యబృందానికి సొంతిల్లు అది. వేదిక మీద ఎనభై మంది దాకా ఉన్నారు. ముందుగా ఓబో అనే వాద్యం ఒకే స్వరం పట్టుకుంటే మిగతావాళ్ళంతా దానికి శ్రుతి కలుపుకున్నారు. రెండు రెల్లు రేకులు కలిపి కట్టిన పీకతో ఊదేది ఓబో. మన సన్నాయీ అంతే, కాబట్టి దూరపు చుట్టరికం ఉన్నట్టే. పెళ్ళి మేళంలో శ్రుతి పట్టేవాడు చివరిదాకా పడుతూనే ఉంటాడు, వీళ్ళు మాత్రం ఒకసారి సరిచూసుకుని వదిలేశారు.

మొదట కొత్త పాట. వయొలిన్ వాళ్ళు కమాను తిరగేసి కర్రతో తీగల మీద తట్టారు. వెనక డోళ్ళ దగ్గర నిలబడ్డావిడ పెద్ద ఇత్తడి తాళం అంచు మీద కమాను పెట్టి లాగింది. ఆ మోత ఎటునుంచి వస్తోందో తెలియక నేను పక్కలకు చూశాను. బూరాల వాళ్ళు స్వరమన్నది లేకుండా ఉత్త గాలి ఊదారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన ప్రోగ్రాం కాగితం మళ్ళీ మళ్ళీ చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ముందు నిలబడి అందరినీ చేతులతో నడిపించే కండక్టర్ చేతులు దించితేగానీ అయిపోయిందని నాకు తెలియలేదు. అప్పుడు మా ముందు వరుసల్లోంచి ఒక అమ్మాయి లేచింది. ఆ సంగీతం రాసింది తనేనట! అంతసేపూ మా మధ్యే ఎంత టెన్షన్‌తో కూర్చుందో పాపం. నేను చప్పట్లు కొట్టింది అప్పుడే.

ఇక ఎందుకు కొట్టానంటే, పెళ్ళయ్యాక మీ నాన్న మొదటిసారి సంక్రాంతికి మా ఇంటికి వచ్చిన సంగతి చెప్పాలి. గుమ్మంలో కాళ్ళకు నీళ్ళిచ్చాం, హారతిచ్చాం, కొత్త బట్టలు పెట్టాం. అతను శాంతమూర్తో కోపిష్టో, కాకరకాయ తింటాడో తినడో అప్పటికి మాలో ఒక్కరికీ తెలియదు. అవన్నీ తెలుసుకున్నాక మర్యాదలు చేద్దాంలే అని ఎవరైనా అన్నారా? కుర్చీ అంచున కూర్చున్నాడు. ఏమడిగినా ఒక్క ముక్కలో జవాబు. అమ్మమ్మ ఇంకో అప్పడం వెయ్యబోతే "చాలండీ" అని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు. వెళ్ళిన మర్నాడు వీధివీధంతా అడగడమే, అల్లుడెలాంటివాడని. ఏం చెప్పను? "పొడుగ్గా ఉన్నాడు" అన్నాను. ఆ కొత్త పాట గురించి చెప్పమన్నా అంతే: "పావుగంట ఉంది."

రెండో పండక్కి కాస్త నవ్వాడు. మూడోసారికి మా రేడియో విప్పి బాగుచేశాడు. ఇప్పుడైతే చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి వెళ్ళి అప్పడాల డబ్బా తీస్తాడు, నన్ను పలకరించడం ఆ తర్వాతే. పాటలూ అంతే, మొదటి రాకలో డబ్బా ముట్టుకోవు. ఆ పాట కట్టింది ఆడపిల్ల కదా, కొత్త కోడలనాలి అని చిట్టి వాదిస్తుంది. అల్లుడితో మొదలుపెట్టాను, అల్లుడితోనే కానివ్వండి.

మా చిన్నప్పుడు మా వీధికి ఒక చివర రామమందిరం, శనివారం తెలుగు భజనలు. రెండో చివర ఒక ఒడియా మాస్టారి ఇల్లు. సాయంత్రం ఆయన హార్మోనియం ముందేసుకుని చంపూ పాడేవారు. మన గంజాం వైపు అఠగడకు చెందిన కవిసూర్య బలదేవ రథ్ రాసిన పాటలవి. 'క' నుంచి 'క్ష' దాకా అక్షరానికొకటి చొప్పున 34 పాటలు, ఏ పాటలో చూసినా ప్రతి పాదమూ ఆ పాట అక్షరంతోనే మొదలవుతుంది. నాకు వచ్చిన ఒడియా గోళీలాటకు సరిపోయేంత, ఆ పాటల్లో ఉన్నది వేరే ఒడియా. రాధ పేరు, కృష్ణుడి పేరు తప్ప ఏదీ అందేది కాదు. అయినా వాళ్ళ అరుగు మీదే గోళీలాడేవాళ్ళం, నీడ అక్కడే ఉండేది మరి. ఒకరోజు బావి దగ్గర నీళ్ళు తోడుతూ నేనేదో కూనిరాగం తీస్తుంటే మా అమ్మ, "ఇదెక్కడ నేర్చావురా?" అంది. ఎవరూ నేర్పలేదు. చెవి తనకు తోచినప్పుడు తలుపు తీసింది, అంతే. ఆ మాస్టారి దగ్గరే తర్వాత లెక్కలు చెప్పించుకున్నాను, అది వేరే కథ. దారి తప్పానని అమ్మమ్మ అప్పుడే సణుగుతోంది.

కచేరీలు ఏర్పాటు చేసేవాళ్ళు గడుసువాళ్ళు. కొత్తదాన్ని ముందు పెట్టి, తెలిసినదాన్ని విరామం తర్వాతకు దాచుకుంటారు. తారుమారు చేస్తే సగం జనం క్యాంటీన్ నుంచి అటే ఇంటికి పోతారు. ఆ రోజు దాచి ఉంచింది జర్మన్ స్వరకర్త బీతోవెన్ ఐదో సింఫనీ, అంటే ఇంత పెద్ద బృందం కోసం నాలుగు భాగాలుగా రాసిన సంగీతం. మీకు తెలిసిందే. ట-ట-ట-టాఁ! బుజ్జిగాడు బాత్రూం తలుపు బాదేది ఆ వరసలోనే. అది వినపడగానే హాలంతా హాయిగా కుర్చీల్లో వెనక్కి వాలింది. తమాషా ఏమిటంటే, కాగితం మీద మొట్టమొదట రాసి ఉన్నది స్వరం కాదు, చిన్న విరామం. కండక్టర్ చేతిలో కర్ర కిందికి దిగుతుంది, రెప్పపాటు ఏమీ ఉండదు, ఆ ఖాళీని అందరూ ఒకే కొలతగా దాటి ఒక్కసారి అందుకోవాలి. నా కళ్ళు కండక్టర్ మణికట్టు మీదే ఉన్నా ఆ క్షణాన్ని పట్టుకోలేకపోయాను.

మరి ఇంత చనువున్న పాట మొదట ఎలా వచ్చింది? 1808 డిసెంబర్ 22న, వియన్నాలో. ఆ ఒక్క రాత్రే ఆరో సింఫనీ, పియానోకు ఆర్కెస్ట్రా తోడుగా వాయించే ఒక కాన్సర్టో, ఇంకా బోలెడు. నాలుగు గంటలు! హాల్లో గడ్డకట్టే చలి. చివర్లో ఇంకో పాటలో వాద్యకారులు దారి తప్పితే బీతోవెన్ ఆపించి మళ్ళీ మొదలుపెట్టించాడు. అప్పటికే ఆయనకు వినికిడి తగ్గిపోతోంది. ఆ రాత్రి ఐదో సింఫనీ కూడా కుర్చీ అంచున కూర్చున్న అల్లుడే. మన ఇళయరాజా గారినే చూడండి, ఎన్ని పాటలు మనకు కంఠతా వచ్చినా, 2025 మార్చి 8న లండన్‌లో తన మొదటి సింఫనీతో గుమ్మం ముందు నిలబడాల్సి వచ్చింది. తెలియనిది వినపడగానే ముఖం చిట్లించడం తేలిక. మీకా అలవాటు వద్దు.

ఒక్క సంగతి మాత్రం నాకు నచ్చలేదు. సింఫనీలో భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టకూడదట. ఎవరో కొడితే చుట్టుపక్కలవాళ్ళు తిరిగి తిరిగి చూశారు. బీతోవెన్ కాలంలో నిక్షేపంగా కొట్టేవాళ్ళు. ఆయన ఏడో సింఫనీని 1813లో మొదటిసారి వాయిస్తే, జనం రెండో భాగాన్ని అక్కడికక్కడే మళ్ళీ వాయించుకున్నారు. బాగున్నప్పుడు చేతులు ఊరుకుంటాయా?

ఐదో సింఫనీలో మూడో భాగం చివర వినండి. అన్నీ తగ్గిపోతాయి. తీగలు కదలకుండా ఒకచోట నిలబడతాయి. టింపనీ అనే రాగి డోలు మెల్లగా, వినీ వినపడనట్టు కొడుతూ ఉంటుంది. ఏదో రాబోతోందని ఒళ్ళంతా తెలుస్తుంది. తర్వాత ఆగకుండానే నాలుగో భాగం విరుచుకుపడుతుంది. అందులో ఏముంది, ఎందుకలా అవుతుంది అంటే నాకు చెప్పడం రాదు, స్వరాల పేర్లు ఏకరువు పెట్టినా మీకు అందేది కాదు. వినాల్సిందే.

వీడియోలో చూసేటప్పుడు మాత్రం ట్రాంబోన్లు పట్టుకున్న ముగ్గురిని మొదటి నుంచీ వెతకండి. గొట్టాన్ని ముందుకీ వెనక్కీ జరిపి ఊదే పొడుగాటి బూరాలవి. మూడు భాగాలూ వాళ్ళకు ఒక్క స్వరం కూడా రాయలేదు బీతోవెన్. అంతసేపూ వాళ్ళు చేతులెక్కడ పెట్టుకుంటారో, ఎటు చూస్తారో, ఎవరైనా ఆవలించారేమో చిట్టి చూడాలి. ఎంతసేపటికి బూర ఎత్తారో బుజ్జిగాడు గడియారం పెట్టి రాసుకోవాలి. అమ్మ ఫోన్ హోంవర్క్ అయ్యాకే అడగండి.

మీ తాతయ్య