కొండ నీలంగా ఎందుకుంది?

రాపూరులో ఉన్న పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న పెంచలకోన వెళ్ళేటప్పుడు చిన్నది ఒక మాట అడిగింది. జవాబు చెప్పేలోపే గుడి వచ్చేసింది. "తాతయ్యా, కొండ మీద చెట్లు పచ్చగా ఉన్నాయి, బండలు ఎర్రగా ఉన్నాయి. నీ బొమ్మలో నీలం ఎందుకేశావు?"

దోమతెర వెనక అమ్మమ్మ పడుకుంటే ముఖం తెలుస్తుంది కదా. ఆ వెనక ఇంకో మంచం, ఇంకో తెర, అట్లా పది మంచాలు వేశామనుకోండి. చివరి మంచం మీద ఎవరున్నారో తెలియదు, తెర రంగే కనపడుతుంది. మనకీ వెలిగొండలకీ మధ్య గాలి అట్లా తెరలు తెరలుగా ఉంది. వెలుతురులోని నీలాన్ని గాలి ఎక్కువగా చెదరగొడుతుంది కాబట్టి ఆ తెరలు నీలం. మే నెలలో దుమ్ముపట్టి తెల్లబడతాయి, కొండ ఉందో లేదో కూడా తెలియదు. కార్తీకంలో వాన వెలిసిన మర్నాడు ఉతికి ఆరేసినట్టుంటాయి, కొండ చెయ్యి చాపితే అందేట్టు దగ్గరికొస్తుంది. పొద్దు వాలేటప్పుడు తెరలన్నీ నారింజ రంగు. గాలిలో నీలం ఉండటమేమిటో, ఇన్నేళ్ళు వేసినా నాకు ఆశ్చర్యం తీరలేదు.

మీ వయసులో నేను బస్సు దిగి, ఎడ్లబండిలో కోన దగ్గర మా మేనమామ ఊరికి పోయేవాణ్ణి. నీలం కొండ ఎక్కాలని ఒకటే ఆత్రం. బండి దగ్గరయ్యేకొద్దీ తుప్పలూ బండలూ బయటపడ్డాయి, నీలమేమో వెనక కొండ మీదికి పోయింది. ఏడుపొచ్చేసింది. మామయ్య తోటలో నిమ్మకాయ కోసి చేతిలో పెట్టి ఊరుకోబెట్టాడు.

కొండ రంగు దూరాన్ని బట్టీ, వేళని బట్టీ మారిపోతుంది. అందుకే నేను ఇంట్లో కూర్చుని కొండ వెయ్యను. తెల్లారేలోపు స్టూలు, బోర్డు, నీళ్ళ సీసాతో చేను గట్టు మీద ఉండాలి. పొలానికి పోయేవాళ్ళు ఆగి "సర్వేకొచ్చారా సార్?" అని అడుగుతారు. గంటన్నరకల్లా నీడలు జరిగిపోతాయి. ఆ తర్వాత కూడా వేస్తూ పోతే పొద్దుటి నీడా, మధ్యాహ్నపు ఎండా ఒకే బొమ్మలో పడతాయి. బ్రష్ కడిగేసి మర్నాడు అదే వేళకి రావాలి. ఫ్రాన్సులో క్లాడ్ మోనే అనే చిత్రకారుడు 1890, 91లో తన ఇంటి దగ్గరి గోధుమ కుప్పలనే మళ్ళీ మళ్ళీ వేశాడు. వెలుతురు మారగానే కాన్వాస్ మార్చేవాడు.

చివరి కొండకి అల్ట్రామెరీన్ నీలంలో నీళ్ళు బాగా పోసి, ఆవగింజంత బర్న్ట్ సియెన్నా కలుపుతాను. ముందు కొండకి నీళ్ళు తగ్గించి ఆ ఇటుకరంగు పెంచుతాను. ఎండాకాలంలో బ్రష్ ఈ చివర నుంచి ఆ చివరకి పోయేలోపే కాగితం ఆరి మధ్యలో గీత పడుతుంది. ముసురు రోజుల్లో ఎంతసేపు కూర్చున్నా ఆరదు.

కొండ పచ్చన అని మీకు తెలుసు. అయినా కంటికి ఏది కనపడితే అదే వెయ్యండి, పక్కవాళ్ళు నవ్వినా సరే.

ఆదివారం పొద్దున్నే మేడెక్కి పడమటికి చూడండి. గుప్పిటని గొట్టంలా చేసి, పక్క చెట్లు కనపడకుండా ఒక్కో కొండనే చూడండి. ఎన్ని నీలాలు కనపడితే అన్నీ ఒక కాగితం మీద పూసి, ఏది ఏ కొండదో కింద రాసి నాకు పంపండి.

మీ తాతయ్య