చిన్న తరగతుల్లో కోడింగ్: అపోహలు - వాస్తవాలు

ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో 4, 5 తరగతులకు చెబుతాను. మూడేళ్లుగా శనివారం ఆఖరి పీరియడ్ కోడింగ్‌కి, అంటే కంప్యూటర్ చేయాల్సిన పనిని వరస ఆదేశాలుగా రాయడం నేర్పడానికి, వాడుతున్నాం. తల్లిదండ్రులు, తోటి టీచర్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన సంగతులివి.

అపోహ: కంప్యూటర్ ల్యాబ్ లేనిదే కోడింగ్ చెప్పలేం.

వాస్తవం: మొదటి రెండు నెలలు మేం కంప్యూటర్ జోలికే పోం. వరండాలో సుద్దముక్కతో గళ్లు గీసి, ఒక మూల ఒకరిని 'రోబో'గా నిలబెడతాం, ఎదురు మూల ఒక పుస్తకం పెడతాం. పుస్తకం దాకా ఎలా వెళ్లాలో మిగతావాళ్లు కాగితం మీద రాసివ్వాలి. రాసింది రాసినట్టు చేయడమే రోబో పని, సొంత తెలివి వాడకూడదు.

మొదటిసారి అందరూ 'కుడికి' అని రాశారు. రోబోగా ఉన్న అమ్మాయి నిలబడిన చోటే కుడివైపు తిరిగింది. తర్వాత వచ్చిన అబ్బాయి తిరక్కుండా కుడిపక్క గడిలోకి జరిగాడు. ఎవరిది తప్పని పిల్లలు చాలాసేపు వాదించుకున్నారు. చివరికి 'కుడికి తిరుగు', 'ఒక గడి ముందుకు నడువు' అని రెండు వేర్వేరు మాటలు వాళ్లే ఖాయం చేసుకున్నారు. మన మనసులో ఏముందో కంప్యూటర్‌కి తెలియదని నేను విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది.

సంక్రాంతి ముందు ముగ్గులు పట్టుకుంటాం. '9 చుక్కలు, సందు చుక్క, 5 వచ్చేవరకు' అని మన ఇళ్లలో చెప్పుకునేది అచ్చమైన ప్రోగ్రామే. నడిమి వరసలో 9 పెట్టు, పైన ఒకటి తగ్గించు, 5 వచ్చేదాకా అదే మళ్లీ చెయ్యి, కిందా అంతే. మొత్తం 61 చుక్కలు. ఒక్క మాటతో 61 చుక్కలు ఎక్కడ పడాలో తేలిపోతోంది కదా, ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే 'లూప్' అంటే అదేనని చెప్పాను. ఇలా కంప్యూటర్ లేకుండా నేర్పే పాఠాలను న్యూజిలాండ్‌లో కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు టిమ్ బెల్, ఆయన సహచరులు 1990లలోనే 'అన్‌ప్లగ్డ్' పేరుతో తయారుచేశారు.

అపోహ: ఇంగ్లీషు రాని పిల్లలకు కష్టం.

వాస్తవం: అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయపు మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన స్క్రాచ్ అనే పిల్లల కోడింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసేది చాలా తక్కువ. రంగురంగుల బ్లాకుల్ని ఒకదాని కింద ఒకటి తగిలించడమే. డబ్బు కట్టక్కర్లేదు, ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే నెట్ కూడా అక్కర్లేదు. ఇంకా చదవడం రాని 5-7 ఏళ్ల వాళ్లకు 2014లో స్క్రాచ్ జూనియర్ వచ్చింది, అందులో బ్లాకుల మీద బొమ్మలే ఉంటాయి.

అపోహ: లెక్కల్లో చురుకైనవాళ్లకే వస్తుంది.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా లెక్కల నోటుబుక్కులో సగం పేజీలు ఖాళీగా వదిలే ఒక అబ్బాయి గుర్తొస్తాడు. స్క్రాచ్‌లో గీత గీస్తూ నడిచే బొమ్మచేత 100 అడుగులు నడిచి 90 డిగ్రీలు తిరగడం 4 సార్లు చేయిస్తే చతురస్రం వచ్చింది. త్రిభుజం గీయమంటే, లోపలి కోణం 60 కాబట్టి అందరూ 60 పెట్టి 3 సార్లు తిప్పారు. గీతలు కలవలేదు. మిగతావాళ్లు చెరిపేశారు. ఇతను చెరపకుండా 3ని 4 చేశాడు, 5 చేశాడు, 6 దగ్గర గీత మొదలైన చోటికే వచ్చి కలిసింది. షడ్భుజి! అప్పుడు వాణ్ణే లేపి నేల మీద త్రిభుజం గీసి నడవమన్నాను. మూల దగ్గర ఆగి, "టీచర్, ఇక్కడ చాలా తిరగాల్సొస్తోంది" అన్నాడు. ఎంత అంటే, 180లోంచి 60 తీసేసి 120 అన్నాడు. తిన్నగా వెళ్తున్నవాడు మూలలో తిరిగేది బయటి కోణం. తన ఒంటితో నడిచి చూసి జ్యామితి నేర్చుకోవడమన్నది 1967లో పుట్టిన లోగో అనే పిల్లల కోడింగ్ భాష కాలం నుంచీ, దాన్ని తయారుచేసినవాళ్లలో ఒకరైన సీమోర్ పాపర్ట్ గట్టిగా చెప్పిన మాట. నాకు అది ఆ రోజు కళ్లెదుట కనబడింది.

అపోహ: ఆరేళ్లకే మొదలుపెట్టకపోతే వెనకబడిపోతారు.

వాస్తవం: ఆటో నడుపుకునే ఒక తండ్రి ఆన్‌లైన్ కోడింగ్ క్లాసుకి వాయిదాల మీద డబ్బు కట్టడానికి సిద్ధపడి నా దగ్గరికొచ్చారు. "మావాడు ఇప్పటికే లేటంట, నిజమేనా మేడం?" అని అడిగారు. ఆయన భయం చూసి నాకు చాలా బాధేసింది. లేటేమీ కాదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా కోడింగ్‌ని 6 నుంచి 8 తరగతుల దశలోనే ప్రస్తావించింది. ప్రాథమిక స్థాయిలో మేం చేసేది తీరిగ్గా వేసే పునాది. దానికోసం ఎవరూ అప్పు చేయక్కర్లేదు.

అపోహ: ఇంజినీరింగ్ చదివిన టీచర్ కావాలి.

వాస్తవం: నేను చదివింది డీఎడ్. పిల్లలకంటే ఒక పాఠం ముందుంటే చాలు.

అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. మా బడికి ఉన్నది ఒక్క లాప్‌టాప్. జంటలుగా కూర్చోబెడితే మౌస్ ఒకరి చేతిలోనే ఉండిపోతుంది, చాలాసార్లు అబ్బాయి చేతిలో. అందుకే ఒకరు కాగితం చూసి చెప్పాలి, రెండోవాళ్లు మౌస్ పట్టాలి, 5 నిమిషాలకోసారి గంట కొట్టగానే మారాలి. గంట కొట్టేది మాత్రం ఎప్పుడూ కాగితం పట్టుకున్నవాళ్లే.