పేపర్లో ఒక్క లైనేనా సార్? వయొలిన్ కచేరీల గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

నల్లగొండలో పిల్లలకు కర్ణాటక వయొలిన్ నేర్పుతాను. మొన్న జనవరిలో ఒక శిష్యురాలి తండ్రి పేపర్ కటింగ్ మడతపెట్టి తెచ్చాడు. అమ్మాయి చెన్నైలో ఒక గాయనికి పక్కవాద్యంగా వయొలిన్ వాయించిన కచేరీ మీద సమీక్ష అది. గాయని గురించి మూడు పేరాలున్నాయి. వయొలిన్ సహకారం బాగుందని చివర్లో ఒక్క వాక్యం. "ఇంత దూరం పోయి వాయిస్తే మా బిడ్డకు ఇంతేనా సార్?" అన్నాడు.

అపోహ: సమీక్షలో ఒక్క లైనే వచ్చిందంటే సరిగా వాయించనట్టే.

వాస్తవం: సమీక్షకు పేపర్లో దొరికే చోటే కొంచెం. అది గాత్రానికి, రాగాలకు, కృతుల పేర్లకే సరిపోతుంది. ఆ కచేరీ రికార్డింగ్ నేను విన్నాను. కాంభోజి రాగం ఆలాపనలో, అంటే సాహిత్యం లేకుండా రాగాన్ని విస్తరించే చోట, గాయని పై షడ్జం (పై స్థాయి 'స') దగ్గర ఊపిరి కోసం ఆగింది. అమ్మాయి ఆ చోటును సంగతులతో, అంటే స్వరాల అల్లికలతో, నింపేయలేదు. కమాను (వయొలిన్ తీగల మీద లాగే విల్లు) మీద బరువు తగ్గించి, అదే షడ్జాన్ని సన్నగా పట్టుకుని ఉంది, గాయని మళ్లీ అందుకునేదాకా. తండ్రికి ఇయర్‌ఫోన్స్ పెట్టి వినిపించాను. మొదటిసారి ఆయనకు దొరకలేదు. రెండోసారి చెయ్యెత్తి "ఇక్కడేనా?" అన్నాడు. ఇక్కడే. ఆ గాయని మరో కచేరీకి ఈ అమ్మాయినే అడిగింది. పక్కవాద్యం వాళ్లకు అవకాశాలు ఎక్కువగా ఇలా గాయకుల మాట మీదే వస్తాయి.

విమర్శ రాస్తే మాత్రం దాన్ని పట్టించుకోవాలి. చాలా ఏళ్ల కింద నా స్వరకల్పనలో (తాళానికి అప్పటికప్పుడు స్వరాలు అల్లే భాగం) తొందర కనిపించిందని ఒకరు రాశారు. రెండు రోజులు కోపంతో ఉన్నాను. తర్వాత టేపు వేసి వింటే నిజంగానే తాళం కంటే ముందు పరుగెత్తాను.

అపోహ: పక్కవాద్యం చిన్న పని, సోలో వాయిస్తేనే కళాకారులు.

వాస్తవం: గాయకులు ఏ రాగం ఎత్తుకుంటారో చాలాసార్లు వేదిక మీదే తెలుస్తుంది. రిహార్సల్ ఉండదు. ఆలాపనలో వెంట్రుకవాసి వెనకే నడవాలి, తన వంతు రాగానే సొంత ఊహ చూపించాలి, అదీ గాయకుల కంటే క్లుప్తంగా. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్న వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు సోలోలకు ఎంత పేరుపొందారో, మహా గాయకుల పక్కన వాయించీ అంతే పేరుపొందారు.

అపోహ: వయొలిన్ మనది కాదు.

వాస్తవం: రెండు వందల ఏళ్ల కిందటి వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితుల కాలం నుంచే మన దగ్గరుంది. కింద కూర్చుని, కొసను కుడి పాదం మీద ఆనించి, తీగల్ని స-ప-స-ప గా శ్రుతి చేసుకునే పద్ధతి మనదే.

అపోహ: కచేరీల సీజన్ అంటే డిసెంబర్, చెన్నై.

వాస్తవం: 1927 మద్రాసు కాంగ్రెస్ మహాసభతో పాటు జరిగిన సంగీత సమావేశం నుంచి 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టింది. డిసెంబర్ సీజన్‌కు అదే మొదలు. అక్కడ మన పిల్లలకు దొరికేది ఎక్కువగా మధ్యాహ్నం కచేరీలు. బయట ఎండ, లోపల ఏసీ, అడుగుపెట్టగానే శ్రుతి మారుతుంది, టెన్షన్ సహజం. మన దగ్గర సీజన్ దసరా నవరాత్రులతో మొదలై శ్రీరామనవమి దాకా నడుస్తుంది. గుడి మండపంలో మైకు కూతల మధ్య, హారతి గంటల మధ్య శ్రుతి నిలబెట్టడం ఈ అమ్మాయి అక్కడే నేర్చుకుంది.

అపోహ: వయొలిన్‌కు సాహిత్యంతో పని లేదు.

వాస్తవం: ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే మాట. త్యాగరాజ పంచరత్నాల్లో మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. ఆ తెలుగు మనకు ఇంటి భాష. అయినా పిల్లలు నోటేషన్ చూసి, మాట మధ్యలో కమాను తిప్పేస్తారు. అప్పుడు "ఎందరో మహానుభావులు"లో "మహానుభావులు" రెండు ముక్కలై వినిపిస్తుంది. పుష్య బహుళ పంచమి నాటి త్యాగరాజ ఆరాధనకు ఈసారి ముందు నోటితో పాడించి, మాటల విరుపులు పెన్సిల్‌తో గుర్తు పెట్టించాకే కమాను చేతికిస్తున్నాను.